పిల్లల్ని కూడా తీసుకురావచ్చా?

ఆహ్వాన పత్రం చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. పిల్లల కోసం వేరే గది ఉంటుందని, చూసుకోవడానికి ఆయాలు ఉంటారని. పదేళ్ళుగా సాహిత్య సభలకీ సెమినార్లకీ తిరుగుతున్నాను, అలాంటి వాక్యం ఏ ఆహ్వానం మీదా నా కంటబడలేదు. మా పాప ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఒక సెమినార్‌లో నేను పత్రం చదువుతుంటే వెనక వరుసలో అది ఏడుపు మొదలుపెట్టింది. అధ్యక్షులవారు నన్ను ఆపి, పాపని ఎత్తుకుని కూర్చున్న మా అమ్మతో "కాస్త బయటికి తీసుకెళ్ళండి" అన్నారు. నా పత్రం మన కథల్లో తల్లి పాత్రల గురించి. పాప గొంతు వరండా చివరికి వెళ్ళేదాకా ఆగి, మిగతాది చదివాను.

ఈ ఆహ్వానం సాహిత్యానిది కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కుటుంబాల సమావేశానిది. మా బాబుకి అప్పటికి మూడున్నరేళ్ళు, పాపకి ఆరు. "చిన్నపిల్లల్ని అలాంటి చోటికెందుకమ్మా, పెద్దది చూసి బెంగపెట్టుకుంటుంది" అన్నారు అత్తయ్య. అక్కడ పెద్దవాళ్ళయిన 'అలాంటి' మనుషుల్ని చూసి నేనూ బెంగపడతానేమోనన్నది ఆవిడ పైకి అనని భయం. నిజం చెప్పొద్దూ, నా భయమూ అదే. తేల్చుకోలేనప్పుడు నేను చేయగలిగేది ఒక్కటే, చదవడం. ఆ నెలంతా ఈ పేరు ఎక్కడినుంచి వచ్చిందో చదువుతూ కూర్చున్నాను.

1866లో ఇంగ్లండులో జాన్ లాంగ్డన్ డౌన్ అనే వైద్యుడు, తాను సూపరింటెండెంటుగా ఉన్న ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమంలోని వాళ్ళని ముఖకవళికల్ని బట్టి జాతులుగా విడదీస్తూ ఒక వ్యాసం రాశాడు. ఒక రకం ముఖాలకి 'మంగోలియన్' అని పేరు పెట్టాడు. వలస సామ్రాజ్యం కళ్ళజోడులోంచి పిల్లల్ని చూడటం అంటే ఇదే. ఒక జాతి పేరు తీసుకెళ్ళి ఒక లోపానికి తగిలించడంతో అటు ఆ జాతికీ ఇటు ఈ పిల్లలకీ ఒకేసారి అవమానం. అయితే ఆయన్ని అంతటితో వదిలేయలేం. ఆ పిల్లలకి చదువు చెప్పొచ్చని, పనులు నేర్పొచ్చని నమ్మినవాడు కూడా ఆయనే. 1868లో నార్మన్స్‌ఫీల్డ్ అనే సొంత ఆశ్రమం పెట్టి, వాళ్ళకోసం నాటకశాల కట్టించాడు. ఆ ఇంటి పెత్తనమంతా మోసిన భార్య మేరీ పేరు మాత్రం ఏ వ్యాధికీ, ఏ సిద్ధాంతానికీ అంటలేదు. ఆయన పోయాక, 1905లో, ఆయన మనవడొకడు ఇదే లక్షణాలతో పుట్టాడు.

'మంగోలిజం' అనే మాట వైద్యుల నోటినుంచి దిగడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1961లో కొందరు శాస్త్రవేత్తలు కలిసి 'లాన్సెట్' పత్రికకు ఉత్తరం రాశారు. 1965లో మంగోలియా దేశం అడిగాక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటని వదిలేసింది. ఆ తర్వాత కూడా పాఠ్యపుస్తకాల్లో అది చాలాకాలం బతికింది. బాబు పుట్టిన మూడోరోజు ఒక పెద్ద డాక్టరు నా మంచం పక్కన నిలబడి, తన విద్యార్థులకి ఆ మాటతోనే నా బిడ్డని పరిచయం చేశారు. నేను మేలుకునే ఉన్నాను.

ఇక మార్త్ గోతియే. ఆమె కథ దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను. పారిస్‌లో పిల్లల డాక్టరు. బోస్టన్‌లో ఏడాది ఉండి కణాల్ని పెంచే పద్ధతి నేర్చుకుని 1956లో తిరిగొచ్చింది. త్రూసో ఆస్పత్రిలో డబ్బులేని చిన్న ప్రయోగశాలని తనే సమకూర్చుకుంది. గాజు సామాను కొనడానికి అప్పు చేసింది. కణాల్ని పెంచడానికి కావలసిన ద్రవాల కోసం ఒక కోడిపుంజుని పెంచింది, తన సొంత రక్తం వాడింది. 1958లో ఆ గాజుపలకల మీద 46 ఉండవలసిన చోట 47 క్రోమోజోములు కనిపించాయి. ఫోటోలు తీయగల మైక్రోస్కోపు ఆమెకి లేదు. తీయిస్తానని సహోద్యోగి జెరోమ్ లెజూన్ పలకలు పట్టుకెళ్ళాడు. 1959 జనవరిలో వ్యాసం వచ్చినప్పుడు మొదటి పేరు అతనిది. ఆమెది రెండోది, అదీ తప్పుగా అచ్చయింది. యాభై ఏళ్ళ తర్వాత, 2009లో, ఆమె తన వైపు కథ రాసింది. 2014లో బోర్డోలో ఒక శాస్త్ర సదస్సు ఆమెకి పతకం ఇస్తామంది. లెజూన్ పేరిట ఉన్న సంస్థ ప్రసంగాన్ని రికార్డు చేయడానికి కోర్టు ఉద్యోగుల్ని పంపేసరికి నిర్వాహకులు జంకి ఆ ప్రసంగాన్నే రద్దు చేశారు. అప్పటికి ఆమెకి 88 ఏళ్ళు. అదే ఏడాది ఫ్రాన్సు వైద్య పరిశోధన సంస్థ నైతిక సంఘం, ఈ ఆవిష్కరణలో లెజూన్‌ది ప్రధాన పాత్ర అయ్యుండే అవకాశం తక్కువని అభిప్రాయపడింది. 2022లో ఆమె చనిపోయింది. వంటింట్లో మన పని ఎటు పోతుందో తెలిసినవాళ్ళకి ఈ కథ కొత్తగా అనిపించదు.

ఆ 47వ క్రోమోజోము సంగతి తెలిసి అరవై ఏళ్ళు దాటినా, మన ఇళ్ళలో నేరం ఇంకా తల్లిదే. గ్రహణం పూట బయటికొచ్చావా అని అడిగారు నన్ను. మేనరికమా అని అడిగారు. దీనికీ మేనరికానికీ సంబంధం లేదు. అవేవీ కుదరకపోతే వయసు. తల్లి వయసు పెరిగితే అవకాశం పెరిగే మాట నిజమే, కానీ ఎక్కువ కాన్పులు చిన్న వయసు తల్లులవే కాబట్టి ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది వాళ్ళకే పుడుతున్నారు. నాకప్పుడు 31. అండం తయారయ్యే చోట ఎక్కడో ఒక జత విడిపోలేదు, అంతే.

తల్లిదండ్రులు ఒకచోట కూడటం 1960 ప్రాంతంలో షికాగోలో క్యాథరిన్ మెగీ అనే తల్లితో ఒక రూపానికి వచ్చింది. బిడ్డని సంస్థలో వదిలేయమని డాక్టర్లు చెబితే ఆమె ఇంటికి తీసుకెళ్ళింది. తనలాంటి వాళ్ళని వెతికి ఫోన్లు చేసింది. 1973లో అమెరికా అంతటికీ ఒక డౌన్ సిండ్రోమ్ కాంగ్రెస్ ఏర్పడింది. ఏటా జరిగే దాని సభల్లో చిన్నపిల్లలకి, తోబుట్టువులకి, పెద్దవాళ్ళయిన డౌన్ సిండ్రోమ్ మనుషులకి వేరువేరు కార్యక్రమాలు ఉంటాయి. పిల్లల్ని వదిలి రాలేని తల్లులే సంఘాలు కట్టారు కాబట్టి, సభతోపాటే పిల్లల గదీ పుట్టిందని నా ఊహ. మన దగ్గర చెన్నైలో సురేఖా రామచంద్రన్ అనే తల్లి మొదలుపెట్టిన పని దేశస్థాయి సమాఖ్య అయింది. 2015 ఆగస్టులో ప్రపంచ డౌన్ సిండ్రోమ్ మహాసభలు చెన్నైలోనే జరిగాయి.

చివరికి అందరం వెళ్ళాం, మా అమ్మతో సహా. ఉదయం సమావేశంలో పాప నా ఒళ్ళోనే కూర్చుంది. దానికప్పుడే చదవడం వస్తోంది. తెరమీద గుండె, థైరాయిడ్, వినికిడి అంటూ జాబితా. సగంమంది పిల్లలకి గుండెలో లోపం ఉంటుందని చెబుతున్నారు. "ఇదంతా మన తమ్ముడి గురించేనా?" అని నా చెవిలో అడిగింది. అత్తయ్య మాట గుర్తొచ్చింది. ఆవిడ అన్నదాంట్లో ఇంత నిజం ఉంది, ఆ తెర ఆరేళ్ళ పిల్లకి చూపించవలసింది కాదు. 1980ల మొదట్లో అమెరికాలో వీళ్ళ సగటు ఆయుష్షు పాతికేళ్ళు, గుండె ఆపరేషన్లు అందరితో సమానంగా చేయడం మొదలయ్యాక ఇప్పుడది అరవై దాకా వచ్చింది. ఆ మాట కూడా అదే తెరమీద ఉండాల్సింది, లేదు.

లేచి పాపని పిల్లల గదికి తీసుకెళ్ళాను. అక్కడ ఇద్దరు ఆయాలు, మా అమ్మ, వాళ్ళతోపాటు మెడలో కార్యకర్త కార్డు వేసుకున్న ఒక ఇరవై రెండేళ్ళ అమ్మాయి. ఆమెకీ డౌన్ సిండ్రోమే. గుమ్మం దగ్గర చెప్పులు జతలు చేసి పెడుతోంది. మా పాపని చూసి, "నువ్వు ఎర్రవి చూడు, నేను నల్లవి చూస్తా" అని పని పంచేసింది. పాప మారుమాట్లాడకుండా కూర్చుంది. మధ్యాహ్నం నేను వచ్చేసరికి బాబు చెప్పులన్నీ చెదరగొడుతున్నాడు, ఆ అమ్మాయి వాణ్ణి గట్టిగా కసురుతోంది. ఇంట్లో వాణ్ణి ఎవరూ కసరరు, పాపం అంటారు. వాడు బిత్తరపోయి ఆమె వైపు చూసి, ఒక చెప్పు తెచ్చి చేతికిచ్చాడు.

సాయంత్రం వచ్చే ఏడాదికి పేర్లు రాసుకుంటున్నారు. 'పిల్లలు ఎంతమంది' అన్న గడిలో రెండు అని రాశాను. పాప తొంగి చూసి "మూడు" అంది. "అమ్మమ్మ కూడా పిల్లల గదిలోనే ఉంది కదా."

మా అమ్మ ఆ రోజు ఒక్క ప్రసంగమూ వినలేదు.