గేరు పడిన చప్పుడు

మాది నిజామాబాదు. నా చిన్నతనంలో చలికాలం వచ్చిందంటే రాత్రంతా బోధన్ వైపు సాగే చెరకు లారీల చప్పుడు వినిపిస్తూనే ఉండేది. లారీ కంటికి కనబడకముందే, దాన్ని నడిపేవాడు పాతకాపో కొత్తవాడో గేరు మార్చిన చప్పుడును బట్టి మా మామయ్య చెప్పేసేవాడు. ఆయన స్వయంగా చెరకు లారీ డ్రైవరు. "గేరు అడిగితే ఇస్తది, గుంజుకుంటే కొరుకుతది" అన్నది ఆయన మాట.

ఆ మామయ్య కొడుకు, మా బావ, గల్ఫులో నీళ్ల ట్యాంకరు నడుపుతున్నాడు. మొన్నామధ్య ఫోను చేసి, నేను ఇంజనీరింగు చదివిన పాపానికి ఒక ప్రశ్న వేశాడు. "బామ్మర్దీ, మా బండిది ఆటోమేటిక్ గేరు. బాక్సు విప్పి మళ్లా కట్టినప్పటి సంది రెండుల నుంచి మూడులకు పోయేటప్పుడు ఎవడో వెనుక నుంచి గుద్దినట్టు కొడుతున్నది. దీన్ని మెత్తగ చేసుడెట్ల?" జవాబు వెదుకుతూ పోతే ఆ ప్రశ్న తిరిగి తిరిగి మన జిల్లా చరిత్ర దగ్గరికే వచ్చి ఆగింది. ఆ సంగతే ఈ టపా.

మంజీరా మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువ నీటితో పెరిగిన చెరకు కోసం 1937లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించారు. బోధన్ పక్కన శక్కర్ నగర్ వెలసింది అలాగే. మోటారు బండి కూడా ఇంచుమించు ఆ రోజులలోనే ఈ సంస్థానంలో ప్రజా రవాణాకు దిగింది. నిజాం రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులవి. నేటి ఆర్టీసీకి మూలపురుషులన్నమాట.

నాటి బరువు బండ్ల గేరు బాక్సును నడిపేవాళ్లు 'క్రాష్ బాక్సు' అనేవారు. పేరులోనే తాకిడి ఉంది. వేరువేరు వేగాలతో తిరుగుతున్న రెండు పళ్ల చక్రాలను ఒకదానితో ఒకటి కలపాలి. ఆ వేగాలను సమం చేసే సాధనమేదీ బాక్సులో లేదు. ఆ పని డ్రైవరు కాలిదీ, చెవిదీ. పై గేరుకు పోవాలంటే క్లచ్చి తొక్కి, న్యూట్రలుకు తెచ్చి, క్లచ్చి వదిలి, ఇంజను వేగం తగ్గేదాకా ఒక్క క్షణం ఆగి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. కింది గేరుకు దిగాలంటే ఆ ఆగే చోట యాక్సిలరేటరు నొక్కి ఇంజను వేగం పెంచాలి. దీనినే డబుల్ క్లచ్ అన్నారు. మామయ్య పై గేరుకు పోయేటప్పుడు పెదవులు కదలకుండా "ఒకటి" అని లెక్కపెట్టుకునేవాడట. బరువుంటే ఆ "ఒకటి" పొట్టిది, ఖాళీ బండయితే పొడుగుది.

ఇదంతా గొప్ప కోసం కాదు. గడలు బండి ఎత్తుకు మించి పేర్చిన చెరకు లారీ ఒక్కసారి కుదిపితే బరువంతా వెనక్కి ఒరుగుతుంది. ఆ దెబ్బకు జాయింటు షాఫ్టు క్రాసు విరిగితే బండి రోడ్డు మీదే నిలిచిపోతుంది. కోసిన చెరకు ఎండేకొద్దీ బరువూ తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. లారీ ఒక రోజు ఆగితే ఆ నష్టం రైతుది. అంటే డ్రైవరు కాలి కింద ఉన్నది ఒక్క క్లచ్చి పెడలే కాదు, ఒక కుటుంబపు ఏడాది కష్టం కూడాను.

ఇక సముద్రానికి అవతల సంగతి. ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికా ఇంజనీరు, పళ్లు కలవకముందే రాపిడితో వేగాలను సమం చేసే సింక్రోమెష్‌ను రూపొందించాడు. అది 1928లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. డ్రైవరు చెవి చేసే పనిలో సగం అక్కడ లోహానికి అప్పజెప్పినట్టయింది. ఆ థాంప్సనే పెద్దగా ఉండి నడిపిన బృందం మిగిలిన సగాన్ని నూనెకు అప్పజెప్పింది. 1939లో ఓల్డ్స్‌మొబీల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్ ఆ కృషి ఫలమే. రెండవ ప్రపంచ యుద్ధంలో స్టువార్ట్ ఎం5 ట్యాంకులు కూడా దానితోనే నడిచాయి.

అయితే విచిత్రం చూడండి. ఆ హైడ్రామాటిక్‌కు ఉన్న పెద్ద చెడ్డపేరు కుదుపే. అదీ రెండు నుంచి మూడుకు మారేటప్పుడే. ఆ మార్పులో కొన్ని పట్లు వదలాలి, కొన్ని పట్టుకోవాలి. ఆ రెండూ ఒకే క్షణంలో జరగాలి. ఒకటి ముందై మరొకటి వెనుకైతే దెబ్బ తప్పదు. దానిని మెత్తబరచిన కొత్త నమూనా 1956 నాటికి గాని రాలేదు. మామయ్య "ఒకటి" అని లెక్కపెట్టిన ఆ క్షణాన్ని నూనెకు నేర్పడానికి అంతటి సంస్థకు పదిహేనేళ్లు దాటిందన్నమాట.

ఇక బావ బండి. అది కంప్యూటరు లేని పాత రకం. లోపలి క్లచ్చి ప్లేట్లు జారకుండా గట్టిగా పట్టాలని, బాక్సు కట్టిన వర్క్‌షాపు వాళ్లు లోపల ఏవో మార్పులు చేశారు. నేను చెప్పిన వరుస ఇది: ముందు నూనె మట్టం, ఇంజను ఐడిల్ వేగం, ఇంజను కింది రబ్బర్లు, క్రాసుల వదులు చూడమన్నాను. చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. తరువాత యాక్సిలరేటరు నుంచి గేరు బాక్సుకు పోయే కేబులు. అది బిగుతుగా ఉంటే, కాలు తేలికగా పెట్టినా బండి మీద పెద్ద బరువుందని బాక్సు భ్రమపడి గేరు ఆలస్యంగా, గట్టిగా వేస్తుంది. కేబులును పుస్తకంలోని కొలతకు తెచ్చాక ఆలస్యం పోయింది, దెబ్బ మాత్రం పోలేదు. గేజీ పెట్టి చూస్తే నూనె పీడనం సరిగానే ఉంది. అన్ని గేర్లూ కొడితే పీడనాన్ని అనుమానించాలి. ఒక్క గేరే కొడితే ఆ గేరుకు పోయే దారిని అనుమానించాలి.

అక్కడి కేరళ మెకానిక్కు ఒకాయన వాల్వు బాడీ విప్పి చూశాడు. మూడో గేరు క్లచ్చికి నూనె పోయే రంధ్రాన్ని పెద్దది చేశారు. పీడనం మెల్లమెల్లగా పెరగడానికి అక్కడ స్ప్రింగుతో ఉండే చిన్న పిస్టనును కదలకుండా బిగించేశారు. అంటే ఆ "ఒకటి"ని తీసిపారేశారు! పాత కొలత ప్లేటూ స్ప్రింగూ వేయగానే దెబ్బ సద్దుమణిగింది.

బావ అంతటితో ఆగలేదు. "పీడనమే ఇంకింత తగ్గిస్తే వెన్నలెక్క పోతది గదా" అన్నాడు. వద్దన్నాను. మొత్తం పీడనం తగ్గిస్తే క్లచ్చి పట్టకుండా జారుతుంది, నూనె కాగుతుంది, ప్లేట్లు మాడుతాయి. మరీ మెత్తని గేరు లోలోపల తినేస్తుంది. మరీ గట్టి గేరు బయట విరగ్గొడుతుంది. నీళ్ల ట్యాంకరులో నీరు ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది గనుక కొద్దిపాటి గట్టిదనం ఉండాల్సిందే. ఇది విని బావ కాసేపు మాట్లాడలేదు. తరువాత "నాయిన గిదే చెప్పేటోడు" అన్నాడు.

2002లో చక్కెర కర్మాగారంలో ప్రయివేటు భాగస్వామ్యం వచ్చింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి తలుపులు మూశారు. మా జిల్లా నుంచి గల్ఫుకు పోయినవాళ్ల వలస అంతకు ఎంతో ముందే మొదలైంది, దానికి కారణాలు అనేకం. కాని కర్మాగారం చరిత్ర రాసేవాళ్లు ఎకరాలూ టన్నులూ వాటాలూ లెక్కిస్తారు గాని, గేటు ముందు రాత్రంతా బారులు తీరిన లారీలలో ఉన్న విద్యను లెక్కించరు. ఆ విద్యకు పాఠ్యపుస్తకం లేదు. కొడుకుకు తండ్రి పక్క సీటే బడి.

యంత్రం ఆ విద్యను అనవసరం చేసిందని నేను కూడా చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. యంత్రం దాన్ని నూనెలోకి, స్ప్రింగులోకి, చిన్న రంధ్రంలోకి మార్చి దాచిపెట్టింది, అంతే. అది తప్పినప్పుడు, ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి మళ్లీ ఆ చెవే కావాలి. బోధన్ రోడ్డు మీద తయారైన చెవి ఎడారిలో ట్యాంకరు దెబ్బను గుర్తుపట్టింది. గుర్తుపట్టే చెవులు మన దగ్గర ఇంకా ఎన్ని మిగిలాయన్నదే నా బెంగ.

మీ ఊళ్లలో డబుల్ క్లచ్ కాలపు డ్రైవర్లు ఎవరైనా ఉంటే వాళ్ల మాటలు రాసిపెట్టండి. వాళ్లు లెక్కపెట్టినది "ఒకటి" దాకానా, "రెండు" దాకానా అని తప్పక అడగండి.