చెరువులో లేచిన త్యాగరాయనగర్

పెళ్లి బట్టలకీ నగలకీ చెన్నై వెళ్లిన తెలుగువాళ్లు ముందు దిగేది టి.నగర్‌లోనే. వందేళ్లకు ముందు అక్కడ పెద్ద చెరువు ఉండేది. నుంగంబాకం నుంచి సైదాపేట దాకా విల్లులా వంగి, కొన్ని మైళ్ల పొడవున సాగేది. ఇంగ్లీషువాళ్లు దాన్ని లాంగ్ ట్యాంక్ అన్నారు, అందులో పడవ పందేలు కూడా పెట్టారు.

మద్రాసు జనం పెరిగారు, ఇళ్ల స్థలాలకు కరువొచ్చింది. 1911లోనే మాంబళంలో రైల్వే స్టేషను వెలిసింది. 1920లో పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1923లో చెరువు నీరు తీయించి, ఆ నేలను ప్లాట్లుగా వేయించింది. నడుమ ఒక పార్కు, దాని చుట్టూ నలుదిక్కులకూ చీలే వెడల్పాటి రోడ్లు. ఈనాటికీ ఆ గీత చెదరలేదు.

పేటకు పెట్టిన పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది. నేతపనివారి దేవాంగ కులంలో పుట్టిన తెలుగువాడు, మద్రాసు కార్పొరేషన్‌ను నడిపినవాడు. 1920 ఎన్నికల్లో తన జస్టిస్ పార్టీ గెలిస్తే మొదటి మంత్రి పదవి తనకు వద్దన్నాడు. ఆయన పోయిన 1925 నాటికి పేట రూపు కట్టింది. నడిమి పార్కుకు అప్పటి మొదటి మంత్రి పానగల్ రాజా పేరు పెట్టారు. కాళహస్తిలో పుట్టిన ఆయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు. డాక్టర్ నాయర్ రోడ్డు, ఉస్మాన్ రోడ్డు, నటేశన్ పార్కు కూడా ఆ పార్టీ పెద్దల పేర్లే. జస్టిస్ పార్టీ చరిత్ర తెలుసుకోవాలంటే ఈ వీధుల్లో ఒక సాయంత్రం తిరగాలి.

తర్వాత సినిమావాళ్లు వచ్చారు. బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇల్లు తెలుగునాట ఎందరికో తెలిసిన చిరునామా. అవకాశాల కోసం రైలెక్కి వచ్చిన కుర్రాళ్లకు పానగల్ పార్కు బెంచీలే దిక్కయ్యేవి. మన సినిమా హైదరాబాదుకు తరలినా, ఆ తరం రాసుకున్న జ్ఞాపకాల్లో ఆ పార్కు ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఈ పేట ప్లానులో నాకు నచ్చనిదల్లా నీటి సంగతి. పార్కులకూ రోడ్లకూ ధారాళంగా చోటిచ్చిన చోట, వాననీటికి మిగిలిన ముఖ్యమైన దారి మాంబళం కాలువ. అదీ ఇళ్ల మధ్య నలిగిపోయింది. 2021 నవంబరు వానలకు టి.నగర్ వీధులు మునిగి, జనం రోజుల తరబడి నీళ్లలో నడిచారు. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు అనే వీధి ఇప్పటికీ ఉంది. చెరువు ఎటు ఉండేదో చెప్పడానికి ఆ బోర్డు చాలు. కాలువ పూడిక తీసి, గట్లు విడిపించే పని మాత్రం ప్రతి వానాకాలానికి ముందే జరగాలి.