తనిఖీ ద్వారమున వృద్ధులు

విమానయానము మన దేశమునకు వచ్చిన తొలినాళ్ళలో ప్రయాణికుని గూర్చి విమానసంస్థవారు ముఖ్యముగ తెలిసికొనగోరినది అతని బరువు. నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి 1945లో నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలు బేగంపేట నుండి ఎగిరిన కాలమున, ముప్పదిమందికి మించి పట్టని చిన్న విమానములలో తూకము తప్పుట అపాయకరము గనుక, పెట్టెతోపాటు మనిషిని సైతము త్రాసుపై నిలుపుట పలుతావుల వాడుకయై యుండెను. ఆ పెట్టెలో నేమున్నదో, ఆ మనిషి జేబులో నేమున్నదో వెదకవలెనన్న తలంపు నాటికింకను పుట్టలేదు. సాగనంప వచ్చినవారికిని ఎక్కబోవువారికిని నడుమ నేడున్నన్ని గోడలును లేవు.

ఆ నిశ్చింతకు మన దేశమున గట్టి దెబ్బ తగిలినది 1971 జనవరి 30వ తేదీన. శ్రీనగరము నుండి జమ్మూకు పోవుచున్న ‘గంగ’ యను ఫాకర్ విమానమును ఇద్దరు యువకులు లాహోరునకు మరల్చిరి. ప్రయాణికులు క్షేమముగ తిరిగివచ్చిరి గాని విమానము దగ్ధమైనది. వారి చేతులలోని పిస్తోలును, గ్రెనేడును నకిలీవని తరువాత తేలినది. 1978 డిసెంబరులో లక్నో–ఢిల్లీ విమానమును పట్టుకొని కాశికి మరల్చిన ఇద్దరు యువకుల కథయు నిట్టిదే: వారి ఆయుధము ఒక బొమ్మ పిస్తోలు. మనుమనికని తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్ తుపాకిని తాతగారి చేతిసంచి నుండి నేటి సిబ్బంది బయటికి తీసి పక్కన పెట్టినపుడు ఆయన ఎంత చిన్నబుచ్చుకొన్నను, ఆ నిషేధమునకు వెనుక ఇట్టి అనుభవమున్నదని మరువరాదు.

అమెరికాలో 1973 జనవరి 5 నుండి ప్రయాణికులందరిని సోదా చేయుట తప్పనిసరి యైనది. మన దేశమున 1976 సెప్టెంబరులో మరియొక విమానము అపహృతమైన పిదప, విచారణసంఘము సిఫారసుపై 1978 జనవరిలో పౌరవిమాన భద్రతకై ఒక విభాగ మేర్పడి, 1985 జూన్‌లో ‘కనిష్క’ విమానము 329 మందితో అట్లాంటికుపై ప్రేలిపోయిన ఘోరము తరువాత, 1987 ఏప్రిల్ 1న స్వతంత్రశాఖగ రూపొందినది. ఈ చరిత్రలో నియమము ముందు పుట్టి ఉపద్రవమును ఆపిన ఘట్టములు లోకమునకు కానరావు. ఉపద్రవము ముందు జరిగి దాని పోలికన నియమము పుట్టిన ఘట్టములే కన్పట్టును. ఆ ఉపద్రవములకు కర్తలైనవారిలో పెక్కుమంది యువకులు. కనుక చేతులు చాచి నిలువగల, వంగి బూట్లు విప్పుకొనగల, చెప్పినమాట ఒక్కసారికే వినగల దేహమును ఊహించుకొని ఈ పద్ధతులన్నియు ఏర్పడినవి. డెబ్బదియైదేండ్ల తల్లి ఆ వరుసలో నిలుచునని నియమము వ్రాసినవారి కెవరికిని తోచినట్లు లేదు.

లోహమును కనిపెట్టు ద్వారమునే చూడుడు. దాని చట్టములోని తీగచుట్టలు అయస్కాంత క్షేత్రమును కల్పింప, ఆ క్షేత్రమున ప్రవేశించిన లోహములో సుడివిద్యుత్తు పుట్టి, అది గంట మ్రోగించును. కత్తియా, మోకాలిచిప్ప శస్త్రచికిత్సలో అమర్చిన కోబాల్టు–క్రోమియము కీలా యన్న వివేకము దానికి లేదు. వైద్యుడిచ్చిన కాగితము చూపినను సోదా తప్పదు. చేతి యంత్రముతో మరల తడిమి చూడవలసినదే. హృదయమున పేస్‌మేకరున్నవారు ఆ సంగతి ముందుగ చెప్పి చేతిసోదా కోరుట మేలు. కాని చెప్పవలసిన క్షణమున వెనుకనున్నవారి తొందరకు లోబడి, ‘మనవలన అందరికి ఆలస్యమేల’ యని ఊరకుండుట మన పెద్దల స్వభావము.

మన దేశపు తనిఖీలో స్త్రీలకు తెరచాటున, స్త్రీల చేతనే సోదా జరుగును. మర్యాదకై ఏర్పడిన యీ కట్టుబాటును తప్పుపట్టువాడు లేడు. కాని దానివలన జరుగునది చూడుడు: తల్లి ఒక వరుస, కొడుకు వేరొక వరుస. ఆమెకు హిందీ రాదు, లోపలి యువతికి తెలుగు రాకపోవచ్చును. వినికిడి యంత్రము పెట్టెతోపాటు ఎక్స్-రేలోనికి పోయినదేమో. ‘చేతులెత్తండి’ అన్న మాటను సైగతో గ్రహించి, భుజము నొప్పితో సగమెత్తి నిలుచును. ప్రయాణమంతయు చేయిపట్టి నడిపించిన కొడుకు సరిగ్గా అక్కరపడిన ఆ రెండు నిమిషములును తెరకీవల బెల్టు పెట్టుకొనుచు నిలువవలసినదే. చక్రాల కుర్చీ తెచ్చుకొన్నవారి స్థితి కొంత నయము. దానిని త్రోయు సహాయకుడు ఆ త్రోవ ఎరిగినవాడు.

ఇక ‘మీ పెట్టె మీరే సర్దుకొన్నారా? ఇతరు లెవరైన ఏమైన ఇచ్చినారా?’ అను ప్రశ్నల వెనుక 1986 ఏప్రిల్ నాటి లండను ఉదంత మున్నది. పెండ్లాడెదనని నమ్మించిన పురుషుడు గర్భవతి యైన యువతి సంచిలో ఆమెకు తెలియకుండ బాంబు పెట్టి ఇజ్రాయెలు విమానమునకు పంపగా, హీత్రో విమానాశ్రయమున అది పట్టుబడినది. నిర్దోషి చేతనే మృత్యువును మోయింపవచ్చునని లోకమునకు తెలిసినది. వృద్ధులను సోదా నుండి పూర్తిగ మినహాయింపుడను కోరికకు నేను తలయూపలేకపోవుట కిదియే కారణము. అయినను ఆ ప్రశ్నకు మన అమ్మల సత్యమైన సమాధాన మేమి? పెట్టె కోడలు సర్దినది. గోంగూర పచ్చడి పక్కింటివారు న్యూజెర్సీలోని తమ అబ్బాయికై ఇచ్చినది! ‘నేనే సర్దుకొన్నాను, ఎవరును ఏమియు నీయలేదు’ అని పలుకవలెనని పిల్లలు ఇంటివద్దనే ఆమెకు నేర్పి తీసికొనిపోయెదరు. అమెరికా తన గడ్డపై ఆ ప్రశ్నలను 2002లో విరమించినది. ఇతర దేశములలో అవి నేటికిని వినబడుచున్నవి.

1999 డిసెంబరు 24న ఖాట్మండు నుండి బయలుదేరిన మన విమానమును అపహరించి కాందహారునకు కొనిపోయిన పిమ్మట, 2000 ఫిబ్రవరిలో జయపురముతో మొదలుపెట్టి, మన విమానాశ్రయముల కావలి కేంద్ర పారిశ్రామిక భద్రతాదళము చేతికి వచ్చినది. 2006 ఆగస్టులో ద్రవరూప ప్రేలుడు పదార్థములతో విమానములను కూల్చు కుట్ర లండనున బయటపడిన పిదప ద్రవములకు 100 మిల్లీలీటర్ల కట్టడి పుట్టి, అంతర్జాతీయ ప్రయాణమున ఆవకాయ జాడీని చేతిసంచి నుండి వెడలగొట్టినది. ఎండుకొబ్బరి మాట మరింత విచిత్రము: నూనె గలిగి తనంతట తానే రాజుకొను పదార్థముల పట్టికలో దాని పేరు కలదు. కుడుకలు లేనిదే శుభకార్యము సాగదని నమ్మిన అవ్వకు ఈ సంగతి విప్పి చెప్పుట సామాన్యము కాదు.

మన దేశమున తనిఖీ నుండి మినహాయింపు లేకపోలేదు. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు, ముఖ్యమంత్రులు మున్నగువారి జాబితా కలదు. అది పదవి చూచునే గాని యేండ్లు చూడదు. 2009 ఏప్రిల్‌లో ఢిల్లీలో, ఆ జాబితాలోనివారే యైన మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలామును ఒక అమెరికను విమానసంస్థ సిబ్బంది సోదా చేసిరి. అప్పటికాయనకు 77 ఏండ్లు. ఆయన మారుపలుకక సహకరించెను. మూడు నెలలకు విషయము బయటపడి పార్లమెంటున గగ్గోలు లేచినపుడు సంస్థ క్షమాపణ చెప్పినది. ‘మయూరి’ చిత్రమున తన కథను తానే అభినయించిన నర్తకి సుధాచంద్రన్ 2021 అక్టోబరులో, ప్రతి ప్రయాణమునను కృత్రిమపాదమును విప్పుమనుచున్నారని బహిరంగముగ మొరపెట్టుకొనగా భద్రతాదళము విచారము వెలిబుచ్చినది. ఆమె తనకొరకు కోరినది ప్రేలుడు పదార్థపు జాడను పసిగట్టు యంత్రముతో పరీక్షించుటయే. ఆ మొరలోనే, వయోవృద్ధులకు ప్రత్యేకమైన కార్డు ఇండని కూడ ప్రధానమంత్రిని అర్థించినది.

అమెరికాలో ఈ విషయమున కొంత కదలిక ముందే వచ్చినది. 2001 డిసెంబరులో పారిస్–మయామీ విమానమున ఒకడు బూటులో ప్రేలుడు పదార్థము దాచి తెచ్చిన ఫలితముగ, 2006 నుండి అక్కడ అందరును బూట్లు విప్పవలసివచ్చినది. 2012లో 75 ఏండ్లు నిండినవారిని మొదట నాలుగు విమానాశ్రయములలోను, పిదప దేశమంతటను ఆ బాధ నుండి తప్పించిరి. కుమారుని యింట ఆరు నెలలుండివచ్చు మన తల్లిదండ్రులలో డెబ్బదినాలుగేండ్ల వారు వంగి విప్పుకొనుచుండగా, ఏడాది పెద్దలు చెప్పులతోనే ముందుకు సాగిరి. 2025 జులైలో ఆ నియమమును అందరికిని ఎత్తివేసిరి.