వేలానికి రాని పాందాన్

మమ్మల్ని చూడగానే కొందరు ‘నిజాం వారసులు’ అంటారు. ఆ వారసత్వం ఎక్కడ, ఎంతకు అమ్ముడుపోయిందో చూద్దాం.

నిజాం ట్రస్టుల నుంచి 173 నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ మన దేశపు రాజుల నగలను, ఆయుధాలను వేలం వేసింది. అందులో హైదరాబాద్ నిజాం ఖడ్గం ఒక్కటే 19 లక్షల డాలర్లకు పైగా పలికింది. 52.58 క్యారెట్ల గోల్కొండ వజ్రానికి 65 లక్షల డాలర్లు వచ్చాయి.

ఇందులో మా వాటా ఏది? కాసిపేట బొగ్గుబాయిల్లో తట్టా చెమ్మస్ పట్టినోళ్లం మేం. సింగరేణి కంపెనీ వాటాలను 1945లో నిజాం సర్కారు కొన్నది. రాజు ముసల్మానైనంత మాత్రాన బాయిల చీకటి తగ్గలేదు. మా పక్కన తట్ట మోసిన మాల, మాదిగ, గోండు కూలీలకూ అదే చీకటి.

పాతవి మా ఇళ్లల్లోనూ ఉండేవి. నానీ పాందాన్, రాగి లోటా, ఇత్తడి ఉగాల్దాన్. బిడ్డ పెళ్లికో, సమ్మె రోజుల్లో బియ్యానికో అవి పాత సామాన్ల బండి మీద తూకానికి పోయినయి.

వేలంలో వస్తువుకు లోహం ఒక్కటే ధర తేదు. అది ఎవరి చేతిలో ఉండేదో చెప్పే కాగితం కూడా తెస్తుంది. నిజాం ఖడ్గానికి ఆ కాగితం ఉంది. నానీ పాందాన్‌కు ఎవరు రాశారు?

ఇంకా ఏదన్నా మిగిలి ఉంటే, అమ్మే ముందు అది ఎవరిదో రాసి పెడదాం. మా చరిత్ర అక్కడినుంచే మొదలైతది.