పాత చీర, చేట, అక్క చంక: మన పసిబిడ్డల చరిత్ర

మా బడి హాజరుపట్టీని జనవరి నుంచి మార్చి దాకా తిరగేస్తే ఒక సంగతి కనపడుతుంది. మగపిల్లల వరసల్లో గైర్హాజరు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. ఆడపిల్లల వరసల్లో వారాల తరబడి ఉంటుంది. అవి మిరప కోతల రోజులు. కోతకు పోయేది తల్లి, బడి మానేది కూతురు. ఇంట్లో చంటివాణ్ణి ఎత్తుకోవడానికి ఇంకెవరూ లేరు. ఒక ఏడు మూడో తరగతి పిల్ల ఒకతి బడి మానకుండా తమ్ముణ్ణి చంకనేసుకొనే వచ్చేసింది. వాడికి ఏడాది కూడా నిండలేదు. ఆ రోజే తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన వాణ్ణి చూసి, "ఏం మాస్టారూ, ఇది బడా, బాలవాడా?" అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు నాకు చాలా రోజులు సిగ్గుగా గుర్తుండిపోయింది.

ఈమధ్య మన కుర్రకారు, కొత్తగా తల్లులు తండ్రులు అయినవాళ్ళు, ఫోనులో బొమ్మలు చూపించి నన్ను అడుగుతుంటారు. మాస్టారూ, ఈ తోపుడుబండి మంచిదా, ఈ డైపరు వాడొచ్చా, ఈ డబ్బాపిండి పెట్టొచ్చా అని. మంచి ప్రశ్నలే. అయితే బిడ్డకు ఏం కొనాలి అనే ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. బిడ్డ దగ్గర ఎవరుంటారు? మన చరిత్రలో బిడ్డ గుడ్డ, ఉయ్యాల, తిండి ఎప్పుడూ ఆ రెండో ప్రశ్నను బట్టే మారుతూ వచ్చాయి. నేను ఎరుకల కులంలో పుట్టినవాణ్ణి కాబట్టి మావాళ్ళ సంగతే ఎక్కువ చెబుతాను. యానాది, సుగాలి, చెంచు మిత్రులు తమ ఇళ్ళ సంగతులు కలుపుకోవాలి.

మన గురించి దొరలు రాసిన పుస్తకాల్లో పసిబిడ్డ కనపడే చోటు చాలా తక్కువ. ఉన్న ఒక్కచోటు మాత్రం ప్రపంచమంతా తిరిగింది. గోదావరి ప్రాంతంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1874లో ఇండియన్ యాంటిక్వెరీ అనే పత్రికలో ఎరుకలవాళ్ళ గురించి రాశాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద అచ్చువేసిన ఏడు సంపుటాల్లో అదే సంగతి మళ్ళీ వచ్చింది. భార్యకు నొప్పులు మొదలవగానే భర్తకు చెబుతుందట. అతను ఆమె బట్టలు కట్టుకొని, ఆమె బొట్టు పెట్టుకొని, గుడ్డి దీపం వెలుగుతున్న చీకటి గదిలో దుప్పటి కప్పుకొని పడుకుంటాడట. బిడ్డ పుట్టాక కడిగి తెచ్చి తండ్రి పక్కన పడుకోబెడతారట. ఇంగువ, బెల్లం లాంటివి తల్లికి కాదు, తండ్రికి పెడతారట.

పండితులు దీనికి కూవాద్ అని పేరు పెట్టారు. పిట్ట గుడ్లు పొదగడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది అది. ఎక్కడెక్కడి జాతుల్లోనో ఇలాంటి ఆచారాలున్నాయని ఏరుకొచ్చి, ఆ జాబితాలో మనల్ని కూడా చేర్చారు. డిప్లొమా చదివే రోజుల్లో నేనిది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. తోటివాళ్ళు చూస్తే నవ్వుతారని భయం. ఇప్పుడు అలా అనిపించదు. మా అమ్మమ్మను అడిగితే, తన కాలానికి అది లేదుగానీ తన అత్త చెప్పేదని అంది. దిష్టీ గాలీ సోకితే ముందు మగాడికి సోకనీ అని అలా చేసేవాళ్ళట. అది నిజమైన కారణమో కాదో నేను తేల్చలేను. ఒకటి మాత్రం చూడండి. పుట్టిన బిడ్డ మొదటి పక్క తండ్రి పక్క. మొదటి పొత్తిగుడ్డ తల్లి కట్టి విడిచిన చీర. బిడ్డ ఇద్దరిదీ అని చెప్పడానికి ఇంతకంటే గట్టి పద్ధతి ఏముంటుంది? అయితే ఇందులో నాకు నచ్చని ముక్క కూడా ఉంది. కాన్పయిన తల్లికి దక్కాల్సిన కాయం, బెల్లం తండ్రి నోట్లోకి పోయాయి. ఆచారం మనది కదా అని ఆ ముక్కను దాచిపెట్టడం చరిత్ర కాదు.

ఆ కాలంలో మావాళ్ళలో చాలామంది తిరుగుడు వ్యాపారులు. కోస్తాలో ఉప్పు ఎత్తుకొని గాడిదల మీద, ఎద్దుల మీద పై ఊళ్ళకు తీసుకుపోయి, అక్కడ గింజలకు మార్చుకొని వచ్చేవాళ్ళు. ఉప్పు ఎరుకల అనే పేరు అలా వచ్చిందే. ఆడవాళ్ళు బుట్టలల్లేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. ఇలా నడిచే బతుకులో బిడ్డకు సామాను అంటే ఒక్క పాత చీరే. పగలు అది వీపున కట్టే జోలె. మజిలీ చేసినచోట కొమ్మకు కడితే ఉయ్యాల. రాత్రికి దుప్పటి. చిరిగాక పొత్తిగుడ్డలు. సోది చెప్పినందుకు ఇంటి ఇల్లాలు చేటెడు గింజలో, పాత చీరో ఇచ్చేది. కొత్త చీర ఇస్తే అమ్ముకునేవాళ్ళమనీ, పాతది ఇస్తే బిడ్డకు దాచేవాళ్ళమనీ అమ్మమ్మ అనేది. పదేళ్ళు ఉతికిన నూలుచీర అంత మెత్తగా ఏ కొత్త గుడ్డా ఉండదు. అది చెమట పీలుస్తుంది, గాలి ఆడుతుంది, ఉడకబెట్టినా పాడవదు. దాన్ని పేదరికం అనుకున్నాంగానీ, అందులో ఎంపిక కూడా ఉంది.

ఇంకొక సంగతి నాకు ఎప్పుడూ విడ్డూరంగా ఉంటుంది. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టే ఆచారం తెలుగు ఇళ్ళలో చాలాచోట్ల ఉండేది. ఆ చేట అల్లింది మనం. బిడ్డను పడుకోబెట్టే వెదురు బుట్టలు అల్లింది మనం. ఊళ్ళో కలిగినవాళ్ళ బిడ్డలు మన చేతి పనిలో నిద్రపోయారు. మన బిడ్డలకు మాత్రం బుట్ట అక్కర్లేదు. మోసుకుపోవడానికి బరువు.

ఆ తిరుగుడు ఆగిపోయింది. 1876-78 కరువులో పశువులు పోయాయి. రైళ్ళు వచ్చి ఉప్పు మోత లేకుండా చేశాయి. బతుకుదెరువు పోయినవాళ్ళను సర్కారు దొంగలుగా లెక్కవేసింది. 1871లో ఉత్తరాదిన పెట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో సవరించాక మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం సెటిల్‌మెంటు 1910ల తొలి ఏళ్ళలో వెలిసింది. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. చుట్టుపక్కల ఊళ్ళు ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నా అప్పుడవి గుంటూరు జిల్లావే.

సెటిల్‌మెంటులో పేరు నమోదైనవాళ్ళు పిలిచినప్పుడు హాజరు పలకాలి. బయటికి పోవాలంటే చీటీ కావాలి. ఈ సంగతులు మన కుర్రవాళ్ళకు ఇప్పుడు బాగానే తెలుసు. తక్కువమందికి తెలిసింది ఇంకోటి ఉంది. ఆ చట్టంలో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, ప్రత్యేక పాఠశాలల్లో పెట్టే అధికారం కూడా సర్కారుకు ఇచ్చారు. మన తల్లులు బిడ్డలను చెడగొడతారని వాళ్ళ లెక్క. బిడ్డను కడిగి, ఉగ్గుపెట్టి, జోలెలో మోసిన తల్లి పెంపకాన్నే నేరానికి వేరు అని రాసుకున్నారు. స్టూవర్టుపురం మనుషులు చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీ పనికి కూడా పోయేవాళ్ళు, ఆడవాళ్ళతో సహా. నడిచే రోజుల్లో పని దగ్గరికి బిడ్డ వచ్చేది. గంట కొట్టే పని వచ్చాక బిడ్డ ఇంటి దగ్గర ఉండిపోయింది. పెద్దపిల్ల చంకకు ఉద్యోగం అక్కడే మొదలైందని నా అనుమానం. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. పిల్లలున్న ఆడవాళ్ళు ఎక్కువమంది పనిచేసే ఫ్యాక్టరీల్లో శిశుగృహం ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. మొదట యాభైమందికి మించితే అన్నారు, 1976లో దాన్ని ముప్పైకి తగ్గించారు. మంచి చట్టమే. కానీ పత్తి చేను ఫ్యాక్టరీ కాదు. మిరప కళ్ళం ఫ్యాక్టరీ కాదు.

మన పొలాలు ఇప్పుడున్న రూపానికి రావడానికి నాగార్జునసాగర్ ఒక పెద్ద కారణం. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్ళు. కుడి కాలువ పారిన చోట వరి, పారని నల్లరేగడి మీద పత్తి, మిరప. జొన్న, కొర్ర, సజ్జ వెనక్కి పోయాయి. వాటితోపాటు ఆడవాళ్ళ చేతి పనీ మారింది. పత్తి తీత, మిరప కోత, కళ్ళంలో తాలుకాయ ఏరడం, అన్నీ వంగి చేసే పనులు, అన్నీ ఆడవాళ్ళవే. నల్లరేగడి చేలో చెట్టు కూడా తక్కువ. అందుకని మూడు కర్రలు పాతి, పైన కలిపి కట్టి, దానికి చీర వేలాడదీస్తారు. మీలో చాలామంది ఆ మూడుకాళ్ళ ఉయ్యాలలో పడుకున్నవాళ్ళే. నేనూ పడుకున్నాను.

పత్తికి మందు కొట్టడం పెరిగిన ఏళ్ళలోనే ఆ ఉయ్యాల అపాయమైంది. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని నాశనం చేసింది. రైతుల ఆత్మహత్యల వార్తలు అప్పుడే వచ్చాయి. దోమ చావక మందు మీద మందు కొట్టిన కాలం అది. కొట్టిన చేను గట్టు మీదే ఉయ్యాల, ఖాళీ అయిన మందు డబ్బా కడిగి అందులోనే మంచినీళ్ళు. ఆ డబ్బాను ఎన్నిసార్లు కడిగినా బిడ్డ నీళ్ళకు పనికిరాదు. నేను ఇంటింటికీ పోయి చెప్పే మాటల్లో ఇది మొదటిది. మందు కొట్టినప్పుడు కట్టిన చీరను ఉతక్కుండా జోలె కట్టకూడదన్నది రెండోది.

మిరప ఇంకో రకం. కాయ కోసిన చేయి రాత్రి దాకా మండుతుంది. ఆ చేత్తో బిడ్డ కళ్ళు తుడిస్తే ఏమవుతుందో తల్లులందరికీ తెలుసు. మా అమ్మ నూనె పూసుకొని, తర్వాత మజ్జిగతో రుద్దుకొని, అప్పుడు చెల్లెలికి పాలిచ్చేది. పని మధ్యలో అంత తీరిక ఎక్కడిది? కాబట్టి బిడ్డను ముట్టుకునే చేయి మిరప ముట్టని చేయి కావాలి. అది పెద్దపిల్ల చేయి. బిడ్డల సామాన్లలో దుకాణంలో దొరకనిది, అన్నిటికంటే ఖరీదైనది ఇదే. దాని ధర నా హాజరుపట్టీలో ఉంటుంది.

గుడ్డ సంగతి కూడా చెప్పాలి. దేశానికి దూది పండించే నేల ఇది. చీరాల మగ్గాలు పక్కనే ఉన్నాయి. అయినా ఈ రోజు మన బిడ్డ ఒంటిమీద ఎక్కువగా ఉండేది పాలిస్టర్ గౌను. నైలాను చీరల కాలం వచ్చాక ఇంట్లో పాత నూలుచీర లేకుండా పోయింది. జారే చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ చెమటకు తడిసి పేలిపోతుంది. పైగా ముడి కూడా జారుతుంది. కొనగలిగితే ఒక నూలు పంచె కొనండి, నాలుగు ఉతుకులు ఉతికి వాడండి. మెడలో పూసలదండ, నడుముకు గజ్జె మన ముచ్చట. కాదనను. కానీ తెగిన పూస నేరుగా నోట్లోకి పోతుంది, నిద్రలో దారం మెడకు బిగుస్తుంది. బిడ్డ పెద్దయ్యేదాకా ఆగితే ముచ్చటకు వచ్చిన లోటేమీ లేదు.

తిండి విషయంలో మనం నిజంగా వెనక్కి నడిచాం. జొన్న, కొర్ర, రాగి ఇంట్లో ఉన్న రోజుల్లో వేయించి విసిరిన పిండి జావే బిడ్డ తిండి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తక్కువ చేయను. కానీ బిడ్డ గిన్నెలోకి కూడా వట్టి గంజన్నమే వచ్చింది. తర్వాత బిస్కెట్టు వచ్చింది. ఇప్పుడు రంగు ప్యాకెట్టు వచ్చింది. కోతకు పోయే తల్లి అయిదు రూపాయలు పెద్దపిల్ల చేతిలో పెట్టి పోతుంది. ఆ పిల్ల మాత్రం ఏం వండగలదు? ప్యాకెట్టు కొని తమ్ముడి నోట్లో పెడుతుంది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. పాతవన్నీ మంచివీ కావు. పుట్టిన బిడ్డ నోట్లో ఆముదం చుక్క, తేనె చుక్క వేయడం మన ఇళ్ళలో ఉంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదని, ఏడాది లోపు తేనె పెట్టరాదని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నది నిజం. చిన్నపిల్లలకు గుప్పెడు వేరుశనగ గింజలు ఇచ్చి కూర్చోబెట్టడం కూడా ప్రమాదం, గొంతుకు అడ్డం పడతాయి. అవే గింజలను వేయించి, పొడిచేసి, బెల్లంతో జావలో కలిపితే ఏడాది దాటిన బిడ్డకు అంతకంటే బలమైన తిండి లేదు. పాలడబ్బాల సంగతి వేరే. వాటిని తల్లిపాలకు బదులని ప్రకటించి అమ్మకూడదని 1992లో దేశం చట్టమే చేసింది.

1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. మొదలైంది. మన అంగన్‌వాడీలు దాని బిడ్డలే. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన బాలామృతం ప్యాకెట్టులో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉండేవి. అదీ మన అవ్వల వేయించిన పిండి లాంటిదే, చక్కెర ఎక్కువ. చిక్కు వేళల దగ్గర ఉంది. కోతకు ఆటో తెల్లవారక ముందే బయలుదేరుతుంది. అంగన్‌వాడీ తలుపు తెరిచేసరికి తల్లి చేలో రెండు సాళ్ళు కోసేసి ఉంటుంది. ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి ముక్క పెట్టారు. పనిచోటికి ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే, పనికి వచ్చిన ఆడవాళ్ళలోనే ఒకరిని వాళ్ళను చూసుకోవడానికి పెట్టాలి. ఆమెకూ కూలి ఇవ్వాలి. బిడ్డను ఎత్తుకోవడం పనేనని, దానికి కూలి ఉందని సర్కారు కాగితం మీద ఒప్పుకున్న చోటు అది. ఇదే పద్ధతి మిరప కోతలకు కూడా రావాలని మా ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు మేస్త్రీని అడిగారు. ఇద్దరు మేస్త్రీలు ఒప్పుకున్నారు. ఒక అవ్వను ఆటోలో తీసుకుపోతున్నారు. కోసేవాళ్ళంతా తలా పది రూపాయలు వేసుకొని ఆమెకు ఇస్తున్నారు. రైతు ఇంకా ఏమీ ఇవ్వడం లేదు.

తమ్ముణ్ణి ఎత్తుకొచ్చిన ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి. ఆ ఏడాది నేను ఇంటి నుంచి మా అమ్మ పాత నూలుచీర తెచ్చి తరగతి గది దూలానికి కట్టాను. మళ్ళీ తనిఖీకి వచ్చినప్పుడు ఆ అధికారి దాన్ని చూశాడు. ఈసారి నేను నవ్వలేదు. "ఈ పిల్ల హాజరు చూడండి సార్" అని పట్టీ చేతికిచ్చాను. ఆ మార్చిలో ఆమె పందొమ్మిది రోజులు బడికి వచ్చింది.