తేనె ‘చిన్న’ సరుకు ఎట్లయింది? బొగ్గు బాయిల నడుమ తేనెటీగల చరిత్ర

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

సింగరేణి చరిత్ర మనందరికీ నోటికొచ్చిందే. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టిండు, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరొచ్చింది, 1960ల మొదట్లో గోదావరిఖనిలో బాయిలు తెరిచిండ్రు. గ్రూప్స్ పుస్తకాల్లో ఇదంతా ఉంటది, ఏ ఏడు ఎన్ని టన్నులు తీసిండ్రో కూడా దొరుకుతది. అదే నేల మీద బతికిన తేనెటీగల గురించి మేం చదివిన పుస్తకాల్లో ఒక్క పేరా లేదు. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కినోళ్లం మేమే మొదలు. మేమన్నా రాద్దామనుకున్నాం.

మన అడవుల్లో తేనె పెట్టే ఈగలు ముఖ్యంగా మూడు తీర్లు. చిన్న కొమ్మకు, పొదలకు అరచేయంత తుట్టె పెట్టే జుంటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే పుట్టతేనె ఈగ. మూడోది పెద్దీగ. ఎత్తయిన మద్ది, బూరుగు, మర్రి కొమ్మలకు, బండ చరియలకు ఒకటే పెద్ద పెరను బయటికి వేలాడదీస్తది. ఇది వలస జీవి. పూత అయిపోతే వేరే చోటికి పోతది, కాలం తిరిగి వస్తే మళ్లీ పాత చెట్టుకే వస్తది. మంచి చెట్టయితే ఒక్కదానికే పదుల తుట్టెలుంటయి. అందుకే మన పెద్దలకు ఏ చెట్టు తేనె చెట్టో తెలుసు. “ఈగలు తగ్గితే పెట్టెలు ఇస్తే సరి” అని కొందరంటరు, ఆ మాటతో మాకు పేచీ ఉంది. పెట్టెలో పెరిగేది పుట్టతేనె ఈగ, లేకుంటే బయటి దేశం నుంచి తెచ్చిన ఈగ. పెద్దీగ పెట్టెలో ఉండదు. దానికి చెట్టే కావాలె.

చెట్టు ఎవరిది అన్న కాడనే అసలు చరిత్ర మొదలైతది. నిజాం సర్కారు అడవులను రిజర్వు చేసి హద్దులు పెట్టింది. గోండు, కోలాం ఊళ్లను లేపేసింది. పశువుల మేతకు పన్ను, పోడుకు కేసు. ఆ కోపమే 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరత్వం దాకా పోయింది. ఆ తర్వాత సర్కారు తరఫున వచ్చిన హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ ఊళ్లు తిరిగి మన భూముల గోస రాసిండు. జల్, జంగల్, జమీన్ అంటం కదా, ఆ జంగల్‌లో తేనె చెట్టు కూడా ఉంది.

స్వతంత్రం వచ్చినంక హద్దులు పోలేదు. అమ్మకం కోసం 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో తేనె, జిగురు లాంటివి కొనే హక్కు ఆ సంస్థకే దక్కింది. సావుకారు తూకం మోసం నుంచి ఇది కొంత కాపాడింది, ఆ మాట ఒప్పుకోవాలె. కానీ కాగితాల్లో తేనె పేరు ‘చిన్న తరహా అటవీ ఉత్పత్తి’. కలప పెద్దది, తేనె చిన్నది. ఎవలికి చిన్నది? 2006 అటవీ హక్కుల చట్టంలో తేనెను, మైనాన్ని పేరు పెట్టి రాసి వాటి మీద యాజమాన్య హక్కు మనకిచ్చిండ్రు. అక్కడ కూడా ‘చిన్న’ అనే మాట పోలేదు.

ఇగ బాయిల సంగతి. భూమి లోపలి బాయి ఉన్నప్పుడు పైన చెట్టు ఎంతో కొంత మిగిలేది. 1970ల నుంచి ఓపెన్ కాస్టులు మొదలైనంక పైనున్న మట్టి, చెట్టు, వాగు మొత్తం లేస్తయి. తర్వాత మట్టి గుట్టల మీద మొక్కలు నాటుతరు, నాటుతలేరని మేం అనం. కానీ పెద్దీగ ఎక్కే ఎత్తుకు మద్ది చెట్టు రావాలంటే ఒక మనిషి బతుకంత కాలం పడుతది.

దుమ్ము వేరే ముచ్చట. బెంగళూరు ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్తలు ఇదే పెద్దీగ మీద చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. గాలి పాడైన చోట పట్టిన ఈగల్లో నూటికి 80కి పైగా ఒక్క రోజులోనే చచ్చిపోయినయి. వాటి ఒంటి మీద దుమ్ము కణాలు కనిపించినయి, గుండె కొట్టుకునే తీరు కూడా మారింది. అది నగరం దుమ్ము. మన రామగుండంలో 1983 నుంచి ఎన్టీపీసీ పొగగొట్టాలున్నయి, రోజంతా బొగ్గు లారీలున్నయి, ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతది. ఇక్కడి ఈగను కూడా అట్లనే పట్టి చూడాలె.

అడవి దాటితే పత్తి చేను. రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగకూ విషమే. యూరప్‌లో 2018లో ఆరుబయట పొలాల్లో దాన్ని నిషేధించిండ్రు. ఇక్కడ ఏ మందుల దుకాణంలో అడిగినా ఇస్తరు. పూత మీద పొద్దున్నే కొడితే అప్పుడే ఈగలు పువ్వు మీద ఉంటయి. పుట్టతేనె ఈగకు రోగం దెబ్బ కూడా తగిలింది. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో పెట్టెలకు పెట్టెలు ఖాళీ చేసింది.

తేనె పోతే చక్కెర తింటం అనుకునేటోళ్లు ఉంటరు. చింత, నేరేడు, పెరట్ల గుమ్మడి, వీటి పూలు కాయలయ్యేది చాలావరకు ఈగల వల్లనే. కందికి కూడా ఈగ వాలితే కాపు పెరుగుతది. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో నూటికి 75 రకాలు ఎంతో కొంత ఇట్లాంటి జీవుల మీద ఆధారపడ్డయని 2016లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల వేదిక ఐపీబీఈఎస్ చెప్పింది. చింతపండు, నేరేడు ఏరుకొచ్చి అమ్మి ఫీజు కట్టే అమ్మలకు ఈ లెక్క చెప్పాల్సిన పని లేదు.

అటవీ భూమిని గనికి ఇచ్చేటప్పుడు చెట్లను లెక్కపెడుతరు: ఏ జాతి, ఎంత చుట్టుకొలత, ఎన్ని. తుట్టెకు ఆ ఫారంలో గడి లేదు. అదే 2006 చట్టం ఐదో సెక్షన్ ప్రకారం అడవిని, అందులోని జీవాలను కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. ఈ సెలవులకు పోయినప్పుడు మీ ఊరి తేనె చెట్లు ఏవి, ఎక్కడున్నయి, ఏ నెలల తుట్టెలు పడుతయి, పోయినవి ఏ ఏడు పోయినయి, తాతమ్మలను అడిగి రాసుకొని రండి. గోండి, కోలామి, కోయ మాటల్లో చెట్టు పేర్లు, ఈగ పేర్లు కూడా రాయండి. మేం ఊరి పేరు వారీగా ఒక రిజిస్టరులో ఎక్కించి గ్రామసభకు ఇస్తం.