టీ దుకాణాల లెక్కలు, లియో యంత్రం

వ్యాపార సంస్థ తన రోజువారీ లెక్కల కోసం కంప్యూటరును పనిలో పెట్టిన తొలి ఉదాహరణ లండన్‌లో రొట్టెలూ కేకులూ టీ అమ్ముకున్న జె. లయన్స్ అండ్ కంపెనీది. 1894లో పికాడిలీ వీధిలో తొలి టీ దుకాణం తెరిచిన ఈ సంస్థకు మంచి రోజుల్లో సుమారు 250 దుకాణాలుండేవి. హామర్‌స్మిత్‌లోని క్యాడ్బీ హాల్ అనే విశాలమైన ఆవరణలో బేకరీలూ ప్రధాన కార్యాలయమూ పక్కపక్కనే నడిచేవి. అమ్మే సరుకు చిన్నది, ఒక్కో కప్పు మీద మిగిలే లాభమూ చిన్నదే కాబట్టి, ఆ అమ్మకాలను నమోదు చేసి, కూడి, సరిచూసే గుమాస్తాల ఖర్చు లాభాన్ని తినేయకుండా చూసుకోవడం ఈ సంస్థకు ప్రాణావసరమైంది.

కేంబ్రిడ్జిలో గణితం చదివి 1923లో సంస్థలో చేరిన జాన్ సిమన్స్ ఈ అవసరాన్ని అందరికంటే లోతుగా అర్థం చేసుకున్నాడు. 1930ల ఆరంభంలో ఆయన ఆధ్వర్యంలో ఏర్పడిన పద్ధతుల పరిశోధన విభాగం, అంటే ఆఫీసులో ఏ పని ఎందుకు, ఎలా జరుగుతున్నదో పరిశీలించి మెరుగుపరిచే చిన్న బృందం, ప్రతి కాగితాన్నీ పట్టుకుని అది ఎవరి చేతికి వెళుతుంది, చదివినవారు దానితో ఏ నిర్ణయం తీసుకుంటారు అని అడిగేది. కంప్యూటరు అనే మాట ఇంకా మనుషులకే వర్తించిన కాలంలో మొదలైన ఈ అలవాటే తరువాతి కథకంతటికీ పునాది అని చెప్పడం అతిశయోక్తి కాదు.

1947లో ఆఫీసు యంత్రాలను చూసి రావడానికి అమెరికా వెళ్లిన సంస్థ అధికారులు రేమండ్ థాంప్సన్, ఆలివర్ స్టాండింగ్‌ఫర్డ్‌లకు, తాము వెతుకుతున్న ఎలక్ట్రానిక్ కంప్యూటరును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోనే మారిస్ విల్క్స్ తయారు చేస్తున్నాడని ప్రిన్స్‌టన్‌లో కంప్యూటర్ల నిపుణుడు హెర్మన్ గోల్డ్‌స్టైన్ చెప్పాడు. సంస్థ కేంబ్రిడ్జికి 3,000 పౌండ్లూ ఒక సాంకేతిక సహాయకుడినీ ఇచ్చింది. 1949 మే నెలలో అక్కడ విల్క్స్ కట్టిన ఎడ్సాక్ యంత్రం పనిచేయడంతో, దాని నమూనా మీద ఇంజనీరు జాన్ పింకర్టన్ నాయకత్వంలో క్యాడ్బీ హాల్‌లోనే సొంత యంత్రాన్ని కట్టుకుంది. దాని పేరు లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్, పొట్టిగా లియో. సుమారు 6,000 వాల్వులు, అంటే విద్యుత్ ప్రవాహాన్ని నియంత్రించే గాజు గొట్టాలు, దానికి అవయవాలు. అంకెలను శబ్ద తరంగాలుగా తిప్పుతూ నిలిపి ఉంచే 64 పాదరసపు గొట్టాలు దాని జ్ఞాపకం.

1951 నవంబరులో లియో బేకరీల ఉత్పత్తి విలువ కట్టే లెక్కను చేసి తన వ్యాపార జీవితాన్ని ఆరంభించింది. ఆ తరువాత జీతాల పట్టీ వచ్చింది. అనుభవమున్న గుమాస్తా ఒక ఉద్యోగి జీతాన్ని, పన్ను కోతలతో సహా, లెక్కగట్టడానికి 8 నిమిషాలు తీసుకుంటే లియోకు ఒకటిన్నర సెకను చాలిందన్న పోలికను చరిత్రకారులు తరచు చెబుతారు. అయితే చేతితో చేసే పనినే యంత్రం త్వరగా చేసిందనడానికి మించి ఈ పోలిక ఏమీ చెప్పదు. లయన్స్ అసలు సాధించినదేమిటో 1954లో మొదలైన టీ దుకాణాల సరఫరా పనిలో కనిపిస్తుంది.

అంతకుముందు దుకాణం నిర్వాహకురాలు మరునాటికి కావలసిన సరుకునంతా వేర్వేరు కాగితాల మీద రాసి పంపవలసి వచ్చేది. లియో ప్రోగ్రాముల పని చూసే డేవిడ్ కామినర్ బృందం ఈ పనిని యథాతథంగా యంత్రానికి ఎక్కించకుండా పనినే మార్చింది. వారంలో ఒక్కో రోజుకు ఒక్కో దుకాణానికి మామూలుగా ఎంత సరుకు కావాలో ముందే నమోదై ఉండేది. నిర్వాహకురాలు చెప్పవలసింది ఆ రోజు వచ్చిన తేడా ఒక్కటే. మధ్యాహ్నం ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చేది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకున్న ఉద్యోగిని అవతలి గొంతు చెప్పిన తేడాను వింటూనే పంచ్ కార్డు మీద, అంటే రంధ్రాల వరుసలే అంకెలుగా ఉండే అట్టముక్క మీద, నమోదు చేసేది. ఆ కార్డులను చదివి లియో, ఏ సరుకు ఎంత తయారు కావాలో, ఏ దుకాణానికి ఏవి కట్టి పంపాలో రాసిచ్చేది. ఏ మార్పూ లేని దుకాణం ఏమీ చెప్పనక్కరలేదు. నిర్వాహకురాలికి ఎన్నో గంటలు మిగిలాయి, పొరపాట్లకు చోటు తగ్గింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ దుకాణంలో ఏది ఎలా అమ్ముడవుతున్నదో పై అధికారులకు ఆ వారంలోనే తెలిసే వీలు కలిగింది.

ఈ లాభం నిలవడానికి వెనుక జరిగిన శ్రమ గురించి తక్కువగా రాశారు. ఒకరు రాసిన ప్రోగ్రాంను మరొకరు పంక్తి పంక్తిగా చదివి ఒప్పుకుంటే తప్ప యంత్రానికి ఎక్కించకూడదని కామినర్ పట్టుబట్టాడు. మధ్యలో యంత్రం ఆగిపోతే మొదటికి పోకుండా ఎక్కడి నుంచి తిరిగి మొదలుపెట్టాలో, మొత్తాలు ఎక్కడెక్కడ సరిపోవాలో ముందే నిర్ణయించేవారు. పింకర్టన్ పని మొదలయ్యే ముందే విద్యుత్ వోల్టేజిని కావాలని పెంచి తగ్గించి, బలహీనపడిన వాల్వులను పని మధ్యలో కాక ముందే చెడగొట్టి తీసేసేవాడు. జీతాల విషయంలో గుమాస్తాల లెక్కా లియో లెక్కా కొంతకాలం పక్కపక్కనే నడిచి, రెండూ సరిపోయాకే పాత పద్ధతిని వదిలారు. కంప్యూటరు కొన్న వెంటనే పాత పుస్తకాలను అటకెక్కించిన తరువాతి కాలపు సంస్థలెన్నిటికో ఈ ఓర్పు లేకపోవడం విచారకరం.

లియో సామర్థ్యం బయటి సంస్థలకూ పనికొచ్చింది. డాగెన్‌హామ్‌లోని ఫోర్డ్ కార్మికుల జీతాలను క్యాడ్బీ హాల్‌లో లెక్కగట్టారు. 1954లో లియో కంప్యూటర్స్ అనే ప్రత్యేక సంస్థ పుట్టింది. కానీ యంత్రాల తయారీకి కావలసిన పెట్టుబడిని రొట్టెల వ్యాపారం మోయలేక, 1963లో అది ఇంగ్లీష్ ఎలక్ట్రిక్‌తో కలిసిపోయింది; 1965 జనవరిలో తొలి లియోను ఆపివేశారు. తరువాతి తరం లియో యంత్రాలను బ్రిటిష్ పోస్టాఫీసు టెలిఫోన్ బిల్లుల కోసం 1981 దాకా వాడింది. విడిభాగాలు దొరకని చివరి రోజుల్లో, మూలపడిన లియోల నుంచి ముక్కలు ఊడదీసి ఇంకా నడుస్తున్న వాటికి అమర్చుకుంటూ బిల్లులు ఆగకుండా చూశారు.